కుంటని కీలు

ఒక మనిషి ఎవరినీ అడగకుండా, ఏ పుస్తకమూ చూడకుండా, తన బుర్రతో తాను ఒక వస్తువును కనిపెట్టాడనుకోండి. అతను పని మొదలుపెట్టడానికి ఎంతో ముందే, సముద్రాల అవతల మరెవరో దాన్ని కనిపెట్టేసి ఉన్నారనుకోండి. అప్పుడు ఆలస్యంగా వచ్చిన ఈ మనిషి చేసినదాన్ని ఏమనాలి? కనిపెట్టడమనాలా, తెలియకపోవడమనాలా? ఇప్పటికీ జవాబు దొరకని ప్రశ్న ఇది. సెవెరినో బరాల్డిని ఎరిగినవాళ్ళలో దీనికి జవాబు చెప్పగలిగినవాడంటూ ఉంటే క్లెమ్ ట్రాంటరే అయి ఉండాలి. అతనూ చెప్పలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే గ్లాసులో బీరు నురగ వైపు చూస్తూ కూర్చునేవాడు.

హెర్బర్ట్ నది దిగువన, చెరుకు మోసే బుల్లిరైలు పట్టాల పక్కన, రేకుల మరమ్మతు షెడ్డు ఒకటి ఆ ఇద్దరిదీ. ఇంజన్ల, బండ్ల పని క్లెమ్‌ది. ఇనుము చెక్కే లేత్, కొలిమి సెవెరినోవి. క్లెమ్ అక్కడే పుట్టి, అక్కడి బురదలోనే పెరిగినవాడు. సెవెరినో ఇటలీలో మోన్‌ఫెరాతో కొండల్లో పుట్టి, మీసం సరిగా మొలవకముందే ఓడెక్కాడు. వచ్చిన కొత్తలో చెరుకు కొట్టాడు. కాల్చిన చెరుకు మసి ఒంటికి పట్టి, ఆదివారం ఎంత తోముకున్నా చెవుల వెనక నలుపు వదిలేది కాదట. మొండి కత్తులకు అందరికంటే బాగా పదును పెడతాడని మొదట పేరొచ్చింది. విరిగిన పిడి, వంగిన ఇరుసు, పగిలిన చక్రం, ఒక్కొక్కటే అతని దగ్గరికి రావడం మొదలైంది. అలా చేతిలోంచి చెరుకు కత్తి జారి, ఆకురాయి చేరింది.

భార్య ఎర్మినియాది వాళ్ళ పక్క ఊరే. పెళ్ళినాడు చర్చిలో పెళ్ళికొడుకు బదులు అతని తమ్ముడు నిలబడ్డాడు. అసలు మొగుడు భూగోళానికి అటువైపు చెరుకు కొడుతున్నాడు. మొగుడి పాత ఫొటో ఒకటి చేత్తో పట్టుకుని ఆమె ఓడ దిగింది. దిగాక మొగుడితో మాట్లాడిన మొదటి మాట, “ఇందులో జుట్టు ఉందే!”

క్లెమ్ ఆ మాటను పదేపదే గుర్తుచేసి ఏడిపించేవాడు. సెవెరినో చిరునవ్వు నవ్వి టోపీ సర్దుకునేవాడు. అంతకుమించి మాట్లాడే మనిషి కాదు.

షెడ్డు పెట్టిన కొద్దికాలానికే యుద్ధం వచ్చింది. ఆ దేశం ఇంగ్లండు వైపు నిలవడంతో ఇటలీ శత్రుదేశమైంది. ఒక ఉదయం పోలీసులు లారీ తెచ్చి, పొలాల్లోంచి, మిల్లుల్లోంచి ఇటలీ మగవాళ్ళను ఎక్కించుకుపోయారు. సెవెరినోను చాలా దూరం, దక్షిణాన లవ్‌డే అనే చోట, ముళ్ళకంచె లోపల పెట్టారు. అదే ఏడు క్లెమ్ సైన్యంలో చేరాడు. మరమ్మతు దళంలో వేసి న్యూగినీ పంపారు. షెడ్డుకు తాళం పడింది. ఎర్మినియా మాత్రం వారానికోసారి తలుపు తీసి, లేత్‌కు తుప్పు పట్టకుండా నూనె రాసి వచ్చేది.

యుద్ధం ముగియకముందే సెవెరినోను వదిలేశారు. ముగిశాక క్లెమ్ వచ్చాడు. ఇద్దరూ షెడ్డు తెరిచారు. ఎక్కడ ఆపారో అక్కడ నుంచే మొదలుపెట్టినట్టు మొదలుపెట్టారు. ఆ ఏళ్ళ గురించి ఊళ్ళో ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. అడగకుండా ఉండటానికి ఒక మాట పుట్టింది: “దక్షిణానికి వెళ్ళడం.” “సెవెరినో దక్షిణానికి వెళ్ళినప్పుడు” అనేవాళ్ళు, ఏదో సముద్రపు గాలికి వెళ్ళొచ్చినట్టు. ఇటలీవాళ్ళూ అదే మాట అనేవాళ్ళు. ఒకే బల్ల మీద కూర్చుని తాగాలంటే ఆ మాట అవసరమైంది మరి.

తరవాత కొన్నేళ్ళకు ట్రాక్టర్లు ఎక్కువయ్యాయి. వాటి వెనక గడ్డి కోసే యంత్రాలు, మందు కొట్టే యంత్రాలు వచ్చాయి. ట్రాక్టరు శక్తి వెనక యంత్రానికి అందేది ఒక తిరిగే షాఫ్టు ద్వారా. ఆ షాఫ్టు వంగడానికి రెండు చివరలా కూడిక గుర్తులాంటి ఉక్కు కీళ్ళు, క్రాసులనేవి, ఉండేవి. చాలు పొడవునా బాగానే తిరిగేది. చాలు చివర ట్రాక్టరు మలుపు తిరగ్గానే షాఫ్టు దడదడా కొట్టుకునేది. మలుపులో యంత్రాన్ని ఆపడం మరిచిపోయినవాడి క్రాసు విరిగి సెవెరినో ముందుకొచ్చేది.

“ఇది కుంటుతోంది,” అన్నాడు సెవెరినో ఒకనాడు, విరిగిన ముక్కను అరచేతిలో తిప్పుతూ.

“కీలు కుంటడమేంట్రా? బాగా వాడారు, విరిగింది,” అన్నాడు క్లెమ్.

“కాదు. ఇటు చూడు. ఈ కడ్డీని నేను ఒకే వేగంతో తిప్పుతున్నానా? వంచాను. ఇప్పుడు అవతలి కడ్డీ చూడు. పరిగెడుతుంది, ఆగుతుంది. మళ్ళీ పరిగెడుతుంది, మళ్ళీ ఆగుతుంది. చుట్టుకి రెండుసార్లు. కాలు పొట్టివాడు నడిచినట్టు.”

“రెండో చివర ఇంకో క్రాసుందిగా. దాని కుంటు దీని కుంటును సరిచేస్తుంది.”

“రెండు చోట్లా ఒకే కోణం ఉంటేనే. క్రాసులను పట్టే ఫోర్కులు ఒకే వరసలో ఉంటేనే. మలుపులో ఎక్కడుంటుంది? ఇద్దరు కుంటివాళ్ళను చేతులు పట్టి నడిపిస్తే సరిగ్గా నడుస్తారా? ఒక్కోసారి నడుస్తారు. ఒక్కోసారి ఇద్దరూ కింద పడతారు.”

ఎంత వంచినా రెండు కడ్డీలూ ఒకే వేగంతో తిరిగే కీలు కావాలన్నది ఆనాడు సెవెరినో మనసులో పడింది. దానికి ‘కుంటని కీలు’ అని పేరు కూడా పెట్టుకున్నాడు. క్లెమ్ ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిలో బండి ఆపుకుని కాసేపు కూర్చున్నాడు. ఎందుకంటే అలాంటి కీలు ఉందని అతనికి తెలుసు. న్యూగినీలో జీపుల ముందు ఇరుసులు విప్పినప్పుడు దాన్ని వందలసార్లు చేత్తో పట్టుకున్నాడు. గిన్నెలాంటి ఉక్కు, దానిలో ఆరు గోళీలు. ముందు చక్రాలు మలుపు తిరుగుతూనే బండిని లాగాలి గనక ఆ కీలు లేకపోతే జీపు లేదు.

మర్నాడు చెబుదామనుకున్నాడు. చెబితే, “ఎక్కడ చూశావురా?” అంటాడు. “జీపుల్లో.” “ఎప్పుడు?” ఆ ‘ఎప్పుడు’ దగ్గరే చిక్కంతా. నువ్వు కంచె లోపల కట్టెలు కొడుతున్నప్పుడు అనాలి మరి. మర్నాడు చెప్పలేదు. తర్వాతి వారమూ చెప్పలేదు. చెప్పకుండా గడిచిన ప్రతి వారం చెప్పడాన్ని ఇంకాస్త కష్టం చేసింది. చివరికి ఎవరైనా పాత సైన్యపు జీపు తెచ్చి ముందు ఇరుసు చూడమంటే, క్లెమ్ శనివారం మధ్యాహ్నం రమ్మనేవాడు. శనివారం మధ్యాహ్నం సెవెరినో క్లబ్బు వెనక ఇటలీవాళ్ళతో బంతులాటకు వెళ్ళేవాడు.

సెవెరినోకి మొదటి వెలుగు దుప్పటి మడతపెడుతుంటే దొరికింది. ఎర్మినియా రెండు కొసలు పట్టుకుంది, అతను రెండు కొసలు. ఇద్దరూ దగ్గరకు నడిచారు. మడత సరిగ్గా ఇద్దరికీ నడుమ పడింది. అతను అక్కడే శిలలా నిలబడిపోయాడు.

“పట్టుకుంటావా, వదులుతావా? నాకింకా మూడు దుప్పట్లున్నాయి,” అంది ఎర్మినియా.

“మడత ఎప్పుడూ నడుమే పడుతుంది,” అన్నాడతను.

“పాతికేళ్ళుగా పడుతోంది. ఇవాళ చూశావా?”

అతను కంచె తీగ రెండు ముక్కలు ఒకేలా వంచి, అద్దంలో బొమ్మలా ఎదురెదురుగా పెట్టి తిప్పాడు. రెండు తీగలూ ఎక్కడ తాకుతున్నాయో చూశాడు. కడ్డీల మధ్య కోణాన్ని సరిగ్గా సగం చేసే చోటే తాకుతున్నాయి. దుప్పటి మడతలోనే. ఆ చోటు వదలకుండా ఒకదాన్నొకటి తోసుకుంటే ఏదీ ముందుకు ఉరకదు, ఏదీ వెనకబడదు. కుంటు లేదు. తీగల బదులు గోళీలు పెట్టాడు. ఒక ఉక్కు గిన్నె లోపలి గోడకు ఒక్కో గోళీకి ఒక్కో గాడి చొప్పున ఆరు గాళ్ళు, దానిలో కూర్చునే గుండుకు ఆరు గాళ్ళు, రెంటి మధ్య ఆరు గోళీలు, గోళీలు చెదరకుండా కిటికీలున్న ఒక పట్టీ.

వంచితే తిరిగేది. నిటారుగా పెడితేనే తంటా. నిటారుగా ఉన్నప్పుడు లోపలి గాడి, బయటి గాడి ఒకదానిమీద ఒకటి పడి గోళీకి ఎక్కడున్నా ఒకటే అయ్యేది. మళ్ళీ వంచబోతే ఒక్కో గోళీ ఒక్కో దిక్కుకు పోయి మొత్తం బిగుసుకునేది.

“వీటికి ఎక్కడ నిలబడాలో తెలియడం లేదు,” అనేవాడు.

“తల పగలగొట్టుకో. వాటికంటే ముందు నీకు తెలుస్తుంది,” అనేవాడు క్లెమ్, కళ్ళు కలపకుండా. జవాబు తనకు తెలుసా అంటే తెలియదు. కీలు బిగించడం తెలుసు, అది ఎందుకు తిరుగుతుందో తెలియదు. అదొక్కటే అతనికి మిగిలిన ఊరట.

ఏళ్ళు గడిచాయి. ఒక గిన్నె పారేసి ఇంకో గిన్నె. గోళీలను సరైన చోటికి నెట్టడానికి నడుమ ఒక చిన్న మీట పెట్టాడు. అది పనిచేసినట్టే చేసింది. ఒక సంవత్సరం జూన్‌లో అతను టీ తాగుతూ మామూలుగా అన్నాడు, “వచ్చే నెల ఇంగమ్ షోలో పెడదామనుకుంటున్నాను. యంత్రాల షెడ్డులో బల్ల ఇస్తారట. ఒక చేతిపిడి బిగిస్తాను. ఎవరైనా తిప్పి చూసుకోవచ్చు.”

క్లెమ్ తన టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు.

షో అంటే ఏటా జరిగే వ్యవసాయ ప్రదర్శన, జిల్లా అంతా వస్తుంది. సగం మంది సైన్యంలో చేసినవాళ్ళు. వాళ్ళలో ఒక్కడు చాలు, “ఓయ్ బరాల్డీ, జీపును కనిపెట్టావా?” అనడానికి. ఆ నవ్వు ఎలా ఉంటుందో క్లెమ్‌కు వినిపిస్తూనే ఉంది. అంతమందిలో, కొత్త చొక్కా వేసుకుని, బల్ల పక్కన నిలబడి, టోపీ సర్దుకునే సెవెరినో కళ్ళముందు కనిపిస్తూనే ఉన్నాడు. ఎలాగైనా అది జరగకూడదు.

తిన్నగా ఎర్మినియా దగ్గరికి వెళ్ళాడు. ఆమె పెరట్లో టమాటాలు కోస్తోంది. అంతా చెప్పాడు.

ఆమె నడుం పట్టుకుని లేచింది. “ఎన్నాళ్ళ నుంచి తెలుసు?”

“మొదట్నుంచీ, వదినా.”

“మొదట్నుంచీ!” అంది. “నా మొగుడు గాడిదలా ఇనుము నమిలి చస్తుంటే నువ్వు పక్కన కూర్చుని టీ తాగావు.”

“చెబితే ఎప్పుడు చూశావంటాడు కదా.”

ఆమె అతని ముఖంలోకి చూసి, కోపం సగంలో ఆపేసింది. టమాటాలు అతని టోపీలో పోసింది. “నేను చెప్పను. నేను చెబితే పెళ్ళాం ఎత్తిపొడిచిందంటాడు. నువ్వే చెప్పు. షోకి ముందు చెప్పు. ఇవి తీసుకెళ్ళు, కుళ్ళిపోతాయి.”

క్లెమ్ రోజూ చెబుదామనే షెడ్డుకు వెళ్ళేవాడు. సెవెరినో తలుపు తీసి ఈల వేస్తూ కనిపించేవాడు. పదిహేనేళ్ళలో ఈల వేసింది అప్పుడే. కక్కలేక మింగలేక క్లెమ్ ఏదో ఒక ఇంజన్ కింద దూరేవాడు.

షో ఇంకో వారముందనగా నర్సు వినిఫ్రెడ్ తన బుల్లి కారు తెచ్చింది. ఇంగ్లండు నుంచి అప్పుడప్పుడే వస్తున్న రకం, అగ్గిపెట్టెకు చక్రాలు పెట్టినట్టుండేది. ముందు చక్రాలే లాగుతాయి. ఇంటింటికీ తిరిగి కాన్పులు చూసే మనిషి గనక ఆమెకు ఆ కారే కాళ్ళు.

“మలుపు తిరిగితే టిక్కు టిక్కు టిక్కు మంటోందయ్యా. నిన్న ఒక పురిటింట్లో పిల్లలు నా కారు గడియారం మింగిందన్నారు.”

ముందు చక్రాలే లాగే కారంటే లోపల ఆ కీలే ఉంటుందని క్లెమ్‌కు తెలుసు. “మా వల్ల కాదు నర్సమ్మా. టౌన్స్‌విల్ తీసుకెళ్ళండి. ఇవన్నీ మాకు చేతకావు.”

“మనకు చేతకానిదేంట్రా?” లోపలి నుంచి సెవెరినో వచ్చేశాడు. చేతులు తుడుచుకుంటూ వంగి చూశాడు. “తొడుగు చిరిగింది. మట్టి పోయింది లోపలికి. సాయంత్రానికి ఇస్తామమ్మా.”

“శనివారం నేను చేస్తాన్లే,” అన్నాడు క్లెమ్.

“శనివారం దాకా కాన్పులు ఆగుతాయా?” అన్నాడు సెవెరినో.

అంతే. చక్రం వచ్చేసింది, షాఫ్టు వచ్చేసింది. సెవెరినో చిరిగిన రబ్బరు తొడుగు కోసి, నల్లటి గ్రీజు గుడ్డతో తుడిచాడు. ఆగాడు. మళ్ళీ తుడిచాడు. గిన్నె. గుండు. కిటికీల పట్టీ. పట్టీని పక్కకు వాల్చి ఒక్కో గోళీ బయటకు తీశాడు. ఆరు గోళీలను బల్ల మీద వరసగా పెట్టాడు. నర్సు కారు సీటు మీద కూర్చుని అల్లికల సూదులు తీసింది. మిల్లు నుంచి వచ్చే రైలు ఒకటి షెడ్డు రేకులు అదిరేలా పోయింది. క్లెమ్ నిలబడ్డచోటే ఉన్నాడు.

సెవెరినో సబ్బు ముక్క తీసి బయటి గాడిలో అదిమి అచ్చు తీశాడు. లోపలి గాడిలో ఇంకో అచ్చు. రెంటినీ పక్కపక్కన పెట్టి వంపు కొలిచాడు. బయటి గాడి వంపుకు కేంద్రం నట్టనడుమ లేదు, కాస్త ఇటు జరిపి ఉంది. లోపలి గాడి కేంద్రం అంతే దూరం అటు జరిపి ఉంది. అందువల్ల రెండు గాళ్ళూ కలిసి ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు ఇరుకుగా, తెరిచిన చేప నోరులా ఉన్నాయి. గోళీ ఇరుకు వైపు పోలేదు. వెడల్పు వైపు పోకుండా పట్టీ ఆపుతుంది. ఎక్కడ నిలబడాలో ఇంక దానికి చెప్పక్కర్లేదు.

“దీన్ని చేసినవాడు పక్కకి జరిపాడు,” అన్నాడు సెవెరినో నెమ్మదిగా. తర్వాత గట్టిగా నవ్వాడు. “దొంగముండాకొడుకు! జరిపాడు చూడరా. నడుమ ఉండాలని నేను చచ్చిపోయాను. జరపాలి! రెంటినీ చెరో పక్కకి జరిపితే గోళీ నడుమ ఉంటుంది!”

నవ్వు ఆగాక గిన్నెను వెలుతురులోకి పట్టుకుని అడిగాడు, “ఇది కొత్తగా వచ్చిందా?”

అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది. “కాదు,” అన్నాడు క్లెమ్. “జీపుల్లో ఉండేది. యుద్ధంలో. నేను విప్పాను. చాలా విప్పాను.”

“అప్పుడు నేను దక్షిణాన ఉన్నాను.”

“అవును.”

“దక్షిణాన కాదు,” అన్నాడు సెవెరినో. “కంచెలో.”

ఆ షెడ్డులో ఆ మాట పలకడం అదే మొదటిసారి. సూదుల చప్పుడు ఆగింది. క్లెమ్ బూట్ల వైపు చూశాడు.

“అందుకేనా శనివారాలు జీపులు విప్పేవాడివి?”

“నీకు తెలుసా?”

“గ్రీజు మరకలు తుడవవు కదా నువ్వు. నేనేమనుకున్నానంటే, జీపు చూస్తే నాకు ఆ రోజులు గుర్తొస్తాయని దాస్తున్నావనుకున్నాను. వీడు నా కోసం పాపం ఇంత చేస్తున్నాడు కదా, నేను చూడకూడదని, ఆట అయిపోయినా క్లబ్బులోనే కూర్చునేవాణ్ణి. ఆ క్లబ్బులో సారా తాగితే నాకు కడుపులో మంట.”

క్లెమ్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “షోలో నవ్వుతార్రా,” అన్నాడు. “ఈ ఒక్కసారికి వద్దురా. మానేయి.”

“నువ్వు నవ్వావా?”

“లేదు.”

“ఇన్నేళ్ళూ?”

“ఒక్కసారి కూడా లేదు.”

సెవెరినో గిన్నెను బల్ల మీద పెట్టాడు. గోళీల వైపు తిరిగాడు. గాళ్ళలో ఒక గోడే అరిగింది, కారు ముందుకే పోతుంది గనక. కుడి చక్రం కీలు ఎడమకు, ఎడమది కుడికి మార్చి బిగిస్తే అరగని గోడ పనిలోకి వస్తుంది. అలాగే మార్చాడు. పాత ట్రాక్టరు ట్యూబు కోసి తొడుగు కుట్టాడు. నర్సు షెడ్డు ముందు రెండు చుట్లు తిప్పింది. టిక్కు లేదు.

ఆ వారమంతా సెవెరినో లేత్ దగ్గరే ఉన్నాడు. క్లెమ్‌తో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఈల లేదు. కోపమో, పని ధ్యాసో తెలియక క్లెమ్ నలిగిపోయాడు. షోకి వెళ్తున్నాడా అని ఎర్మినియాను అడిగితే, “చొక్కా ఇస్త్రీ చేయమన్నాడు. అంతకంటే నాకేం చెప్పలేదు,” అంది.

షో రోజున యంత్రాల షెడ్డులో, పంపులకూ నాగళ్ళకూ మధ్య, సెవెరినో బల్ల ఉంది. మీట తీసేశాడు. గాళ్ళు కొత్తగా కోశాడు, చెరో పక్కకి జరిపి. చేతిపిడి తిప్పితే అవతలి చక్రం, ఎంత వంచినా, గాలి కదిలినంత నిమ్మళంగా తిరుగుతోంది. జనం మూగారు. క్లెమ్ భయపడ్డది ఎంతోసేపు పట్టలేదు. లాంగ్‌పాకెట్ వైపు రైతు ఒకడు, బీరు గ్లాసు చేత్తో పట్టుకుని, అన్నాడు:

“ఏయ్ బరాల్డీ! ఇది జీపులో ఉండేదే కదా! నువ్విప్పుడు కనిపెట్టావా?”

నలుగురు నవ్వారు. నవ్వు ఇంకా పెరగబోతోంది.

“జీపులోది వాళ్ళది,” అన్నాడు సెవెరినో. “ఇది నాది. గాడి జరపడం మాత్రం నర్సమ్మ కారు చూసి నేర్చుకున్నాను. మిగతాది నేనే.”

“జీపు చూడనివాడెవడయ్యా ఈ దేశంలో? యుద్ధంలో ఎక్కడున్నావేం?”

“లవ్‌డేలో. కంచె లోపల.” గొంతు పెంచలేదు, తగ్గించలేదు. “నాలుగేళ్ళు కట్టెలు కొట్టాను. అక్కడికి జీపులు వచ్చేవి. ఎక్కిన కాపలావాళ్ళను చూశాను గానీ, కింద దూరి ఇరుసు చూడనివ్వలేదు.”

ఎవరూ నవ్వలేదు. రైతు గ్లాసు దించాడు. జనంలో ఉన్న ఇటలీవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అంతమంది మధ్య, పట్టపగలు, ఆ మాట పేరుపెట్టి పలికినవాడు అంతవరకూ లేడు.

“తిప్పి చూస్తాను, ఇవ్వు,” అన్నాడు రైతు. తిప్పాడు. ఇంకొంచెం వంచి తిప్పాడు. “బాగా తిరుగుతోందే,” అన్నాడు. “మలుపులో కొట్టుకోదా?”

“కొట్టుకోదు.” సెవెరినో పక్కకు తిరిగాడు. “క్లెమ్, వీళ్ళకు చెప్పు. నువ్వు చాలా విప్పావుగా.”

క్లెమ్ ముందుకు వచ్చి పిడి పట్టుకున్నాడు. మొదట మాట తడబడింది. తరవాత న్యూగినీ బురదలో జీపులు ఎలా కూరుకుపోయేవో, ఈ కీలు మట్టి తింటే ఎలా అరిగేదో చెప్పాడు. దీని లోపల గోళీలకు ఎక్కడ నిలబడాలో ఎలా తెలుస్తుందో తనకు అప్పుడు తెలియదని, తన పక్కనే ఉన్న మనిషి దానికోసం ఏళ్ళ తరబడి ఇనుముతో కుస్తీ పట్టాడని, తాను నోరు తెరవలేదని కూడా చెప్పాడు. ఎందుకు తెరవలేదో చెప్పాడు. జనం పెరిగారు. అడిగినవాళ్ళకు మళ్ళీ చెప్పాడు. ఒక ముసలి రైతు రెండుసార్లు తిప్పించుకున్నాడు.

గొంతు ఎండిపోయి, “ఒరేయ్, నీళ్ళేమైనా ఉన్నాయా?” అంటూ వెనక్కి తిరిగి చూస్తే సెవెరినో లేడు. ఎర్మినియా లేదు. మైదానం అంచున, గుర్రాల పందెం కోసం కట్టిన తాడు అవతల, వాళ్ళ పాత ట్రక్కు చెరుకు మసిలో దుమ్ము రేపుకుంటూ గేటు దాటుతోంది. క్లెమ్ చేయి ఎత్తాడు. ట్రక్కు ఆగలేదు. ఇన్నేళ్ళు నోరు తెరవనివాడివి, ఇప్పుడు నువ్వే చెప్పు అని తనను వదిలి వెళ్ళినట్టుంది.

బల్ల చుట్టూ జనం ఇంకా ఉన్నారు. “ఏమయ్యా, తిప్పు,” అన్నారెవరో. అతను మళ్ళీ పిడి పట్టుకున్నాడు.